కోత సినిమాకి ఓటెయ్యని ఊరు

మార్చి నెల వచ్చినా నార్డ్‌బీ వీధుల్లో మంచు ఇంకా మోకాలెత్తున ఉంది. నార్త్ డకోటాలో అది వింతేమీ కాదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క థియేటర్లో ఆర్డిస్ టోలెఫ్‌సన్ టికెట్ల కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్లందరి చేతిలో టికెట్టుతో పాటు ఒక్కో మొక్కజొన్న గింజ పెడుతోంది. వేయించని గింజ. సినిమా అయ్యాక ఓటు వేయడానికి.

"ఏమే ఆర్డిస్, నా గింజ కాస్త పెద్దది చూసి ఇయ్యి," అన్నాడు హార్లన్ ఎంగెన్, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్లు, ఇప్పుడు ఇద్దరికీ ఎనభై దగ్గర పడుతోంది.

"నీ ఓటుకి అంత బరువెందుకులేవోయ్. ఎటూ హోటల్ సినిమాకేగా వేసేది."

"నువ్వు మాత్రం దేనికేస్తావేంటి?"

"నేనూ దానికే," అంది ఆర్డిస్.

అది అబద్ధం కాదు. ఏళ్ల తరబడి ఆమె గింజ హోటల్ సినిమా సీసాలోనే పడుతోంది. కానీ ఈసారి ఆ మాట ఎప్పటంత గట్టిగా రాలేదు. హార్లన్ చెవులు మందగించాయి కాబట్టి అతను గమనించలేదు.

మా నార్డ్‌బీలో ఈ ఓటు ఆచారం ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మార్చిలో పొలం పని ఉండదు, చలి పోదు, మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని విసిగిపోయి ఉంటారు. అప్పుడు రెండు శనివారాలు వరసగా రెండు పాత సినిమాలు వేస్తారు. ఎప్పుడూ అవే రెండు. రెండోది అయ్యాక కాఫీలు తాగుతూ ఏది గొప్పదో వాదించుకుని, రెండు గాజు సీసాల్లో గింజలు వేస్తారు. గెలిచిన సినిమా పోస్టరు ఏడాదంతా థియేటర్ ముందు అద్దాల పెట్టెలో ఉంటుంది. ఓడినదాని పోస్టరు పాప్‌కార్న్ బస్తాల వెనక గోడకి చేరుతుంది. ఆ రెండు సినిమాలకీ మంచి పేర్లే ఉన్నాయి గానీ ఊళ్లో ఎవరూ వాటిని ఆ పేర్లతో పిలవరు. ఒకటి హోటల్ సినిమా, రెండోది కోత సినిమా.

హోటల్ సినిమాలో అంతా న్యూయార్కు. హీరోయిన్ ఒక పెద్ద హోటల్లో టెలిఫోన్లు కలిపే అమ్మాయి. పై అంతస్తులో దిగిన ఒకాయన గొంతు విని మనసు పారేసుకుంటుంది. ఆయన ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం గుర్తుపట్టక తిట్టిపోస్తుంది. ఆ పిల్ల నోరు పెనం మీద పేలాలే, ఒక మాటకి నవ్వేలోపు ఇంకో మాట పేలుతుంది. చివర్లో హోటల్ గుమ్మంలో గుండ్రంగా తిరిగే తలుపుల్లో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తిరుగుతూనే ఉంటారు. ఒకరు లోపలికొస్తే ఒకరు బయటికిపోతారు. ఎన్నిసార్లు చూసినా మా వాళ్లు అక్కడ పొట్ట పట్టుకుంటారు. అందులో మంచు కురిసే సీను ఒకటుంది. అంత మంచులో ఒక్కడూ కోటు గుండీ పెట్టుకోడు. అప్పుడు హాలంతా, "గుండీ పెట్టుకోవయ్యా, చస్తావు!" అని అరవడం మా ఊరి మర్యాద.

కోత సినిమాలో మాటలు తక్కువ. మొగుడు పోయిన ఒక రైతు భార్య, వడగళ్ల వాన వచ్చేలోపు గోధుమ పంట ఇంటికి చేర్చుకోవాలి. అంతే కథ. నవ్వులు లేవు, నాట్యాలు లేవు. కానీ అందులో ఒక చోట పడమటి ఆకాశం ఆకుపచ్చగా మారి, మబ్బు పొలం మీదికి దిగుతుంటుంది. పసుపుపచ్చగా పండిన గోధుమ మధ్యలోంచి నీలం గౌను వేసుకున్న ఆడమనిషి ధాన్యం ట్రక్కును మబ్బుకంటే ముందు పరిగెత్తిస్తుంది. పాట లేదు, వాయిద్యం లేదు. ఇంజను రొద, గాలి చప్పుడు. ఆ కాసేపూ మా హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా వినపడదు. దేశంలో సినిమా తెలిసినవాళ్లు ఆ సీనుని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ సినిమా తీసింది నార్డ్‌బీలోనే. అయినా, కాదు, అందుకే, ఇక్కడ అదెప్పుడూ గెలవలేదు. పెరటి చెట్టు మందుకు రాదంటారు గానీ మా వాళ్ల సంగతి అది కూడా కాదు. తాతల కాలంలో నార్వే నుంచి వచ్చేటప్పుడు మూటల్లో ఏం తెచ్చుకున్నారో గానీ మొహమాటం మాత్రం బస్తాలకొద్దీ తెచ్చుకున్నారు. కాఫీతో పెట్టే ఖర్జూరం మిఠాయి బిళ్లల పళ్లెంలో చివరిదాన్ని ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం, అలా కోసి కోసి చివరికి చీమ కూడా సిగ్గుపడేంత ముక్క మిగులుతుంది. కాఫీ ఇస్తామంటే మూడోసారి అడిగాక గానీ ఊఁ అనరు. ఇక తన డప్పు తాను కొట్టుకోవడమంటే దొంగతనం కంటే పెద్ద తప్పు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటుంది, దాన్నిక్కడ చెప్పను.

ఆ ట్రక్కు నడిపింది ఆర్డిస్ వాళ్లమ్మ బోర్గిల్డ్.

అప్పుడు ఆర్డిస్‌కి ఎనిమిదేళ్లు. ఆ మధ్యాహ్నం ఆమెకి బాగా గుర్తు. సినిమావాళ్ల హీరోయిన్ ట్రక్కెక్కి ఎన్నిసార్లు కదిలించబోయినా అది దగ్గి ఆగిపోయేది. పడమట నిజంగానే మబ్బు లేస్తోంది. డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. అలాంటి మబ్బు మళ్లీ కావాలంటే ఎవరు తెస్తారు? పనివాళ్లకి కాఫీ పోస్తున్న బోర్గిల్డ్, కాఫీ కూజా గడ్డి మీద పెట్టి, "ఆ బట్టలిటు ఇయ్యండి," అంది. పొలం గట్టున నిలబడ్డ ఆర్డిస్‌కి వాళ్లమ్మ నీలం గౌనులో, పెట్టుడు జడతో, మబ్బుకి ఎదురుగా వెళ్లి, ట్రక్కు తిప్పుకుని వెనక్కి రావడం కనపడింది. ఆ తరవాత వడగళ్లు పడ్డాయి. అమ్మ ఆ గౌను ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మరీ వాళ్లకి తిరిగిచ్చింది.

తెర మీద పేరు వేస్తామని వాళ్లడిగితే, "నా పేరెందుకండీ, ట్రక్కు మా ఆయనది," అందట. వాళ్లు ఆ మాటే పట్టుకుని సినిమా చివర ట్రక్కు ఇచ్చినందుకు మొగుడి పేరు వేశారు. బండికి పేరొచ్చింది, నడిపిన మనిషికి రాలేదు. ఊళ్లో అందరికీ నిజం తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తితే ఆవిడ సిగ్గుపడుతుందని భయం.

ఆర్డిస్ బతుకంతా ఆ ఊళ్లోనే గడిచింది. బడిలో వంట చేసింది. ఊరి పిల్లల్లో ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరికి ఇంట్లో తిండి చాలదో ఆమెకే తెలిసేది. లైల్ అనే నెమ్మదస్తుణ్ణి పెళ్లాడింది, అతన్ని శ్మశానానికి సాగనంపింది. వంటింట్లో మోకాళ్లు అరిగాక కూర్చుని చేసే పని కావాలని థియేటర్ కిటికీ దగ్గరికి వచ్చింది. జీతం లేదు. ఈ థియేటర్లో ఎవరికీ జీతం లేదు, ఊరే దాన్ని నడుపుకుంటుంది. ఏటా కోత సినిమా పడిన రోజు మాత్రం ఆమె కిటికీ మూసి లోపలికి వెళ్లి చివరి వరసలో నిలబడేది. స్టీరింగు మీద అమ్మ చేతులు కనిపించే ఆ నాలుగు క్షణాల కోసం. అమ్మ కుడి చేతి చిటికెన వేలు, చిన్నప్పుడు వెన్న తీసే మిషన్లో నలిగి, వంకర తిరిగి ఉండేది. తెర మీద ఆ వేలు వచ్చి పోతుంది. అది చూసి ఆర్డిస్ బయటికొచ్చి, హోటల్ సినిమా సీసాలో గింజ వేసేది. అమ్మ కూడా బతికున్నన్నాళ్లూ అక్కడే వేసింది. అమ్మ వేసినచోట కాకుండా ఇంకోచోట వేస్తే అమ్మ పరువు తీసినట్టని కూతురు అనుకుంది.

ఈ ఏడు మాత్రం సంగతి వేరు. థియేటర్ పక్కగోడ కూలేలా ఉందని కొత్త ఇటుకలతో కట్టారు. హైవే మీద పోయే ప్రతి బండికీ కనిపించే గోడ అది. ఈసారి గెలిచిన సినిమాలోంచి ఒక సీను ఆ గోడంతా బొమ్మ వేయించాలని ఊరు నిర్ణయించింది. పోస్టరైతే ఏడాదికొకసారి మార్చుకోవచ్చు, గోడ మీద రంగు మా మనవల దాకా ఉంటుంది. తిరిగే తలుపులో తిరుగుతున్న న్యూయార్కు పిల్లని చచ్చేదాకా రోజూ చూస్తూ టికెట్లు అమ్మాలా? ఈ ప్రశ్న ఆర్డిస్‌ని శీతాకాలమంతా తొలిచింది. కానీ నోరు తెరిచి "కోత సినిమాకి వెయ్యండి" అనడమంటే మా అమ్మ గొప్పది అని డప్పు కొట్టడమే. అది ఆమెకి చేతనవుతుందా?

గింజలు పంచిన ఆ రెండో శనివారం కోత సినిమా అయిపోయింది. దీపాలు వెలిగాయి. ముందు హాల్లో బల్లల మీద కాఫీ, ఖర్జూరం బిళ్లలు, రెండు సీసాలు. వాదన మొదలైంది. వాదన అంటే మా వాదన.

"కోత సినిమా మరీ అంత చెడ్డగా ఏం లేదు," అన్నాడు హార్లన్. మా ఊళ్లో ఇంతకు మించిన పొగడ్త లేదు.

"లేదులే. కానీ హోటల్ సినిమాలో మాటలు బావుంటాయి," అంది చర్చిలో పియానో వాయించే మార్లిస్.

"అవునవును, మాటలు బావుంటాయి," అని అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ తలలూపారు.

అప్పుడు లిగాయా లేచింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇక్కడి వృద్ధాశ్రమంలో నర్సుగా కుదురుకున్న మనిషి. వాళ్ల అలవాటు ప్రకారం పెద్దవాళ్లందరినీ వరసలు కలిపి పిలుస్తుంది. మొదట్లో మావాళ్లు బిత్తరపోయారు, ఇప్పుడు ఆ పిలుపు వినపడకపోతే చిన్నబుచ్చుకుంటారు.

"నాకో సంగతి అర్థం కాదు హార్లన్ మావయ్యా," అంది. "హోటల్ సినిమాకి మీరంతా నవ్వుతారు, కేకలేస్తారు, మధ్యలో లేచి పాప్‌కార్న్ కొనుక్కుంటారు. ఇవాళ ఒక్కరు కదిలారా? నీ కళ్లు తుడుచుకోవడం నేను చూళ్లేదనుకున్నావా?"

"దుమ్మమ్మా. హీటర్లో దుమ్ము."

"ఏటా అదే సీనుకి లేస్తుందేం ఆ దుమ్ము? హోటల్ సినిమా బావుంటుంది, నేనూ కాదనను. ఆ పిల్ల ఎంత మాటకారైనా నాకామె మీద బెంగలేదు. సాయంత్రానికి ఎవరో ఒకరు తలుపు తీస్తారు, ఇంటికి పోతుంది. ఈవిడకి ఆ పంట పోతే ఏడాదంతా పస్తే. ఆ మబ్బు చూస్తుంటే నా గోళ్లు నా చేతుల్లోనే దిగబడ్డాయి. మీరేమో రైతులై ఉండి న్యూయార్కుకి ఓటేస్తారు! ఇంకోటి, ఆ హీరోయిన్‌కి రొట్టెపిండి పిసికేటప్పుడు చిటికెన వేలు తిన్నగా ఉంటుంది, ట్రక్కు తోలేటప్పుడు వంకరగా ఉంటుంది. నర్సుని కదా, చేతులే చూస్తాను. ఎవరిదసలా చెయ్యి?"

హాల్లో ఒక్కసారిగా అందరికీ కాఫీ మీద శ్రద్ధ పెరిగిపోయింది. మార్లిస్ చక్కెర లేని కాఫీని కలుపుతూ కూర్చుంది. ఎవరూ ఆర్డిస్ వైపు చూడలేదు. చూడకుండా ఉండడంలోనే అందరూ ఆమెనే చూస్తున్నారు.

ఇలాంటప్పుడు అనాల్సిన మాట ఆర్డిస్‌కి నోటికొచ్చు. "ఏమోనమ్మా." జీవితమంతా అదే అంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలోంచి కొత్త ఇటుకల గోడ అంచు కనపడుతోంది.

"మా అమ్మది," అంది.

కప్పు బల్ల మీద పెట్టింది.

"మా అమ్మ బోర్గిల్డ్ హౌగెన్ నడిపింది ఆ ట్రక్కుని. మీ అందరికీ తెలుసు. తెలిసీ మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు. నాకు ఆ సినిమానే ఇష్టం. హోటల్ సినిమా కంటే ఇష్టం, మరే సినిమా కంటే కూడా ఇష్టం. ఇన్నేళ్లూ గింజ మాత్రం ఆ సీసాలో వేశాను. ఎందుకంటే మా అమ్మని నేనే పొగుడుకున్నట్టుంటుందని. ఇవాళ పొగుడుకుంటున్నాను. ఏంచేస్తారో చేసుకోండి."

ఆమె మొహం ఎర్రగా కందిపోయింది.

హార్లన్ ఆమె వైపు తిరిగాడు. "ఏమే ఆర్డిస్, ఆ పొలం ఎవరిదనుకున్నావు?"

"మీ నాన్నది."

"మరి? ఆ గోధుమ అంత అందంగా ఉందని నేనే ఓటేసి చెప్పుకోనా? సిగ్గుండొద్దూ? అందుకే నేనూ హోటల్‌కే వేస్తూ వచ్చాను. నాకసలు ఆ న్యూయార్కు పిల్ల గోల నచ్చనే నచ్చదు. చెవి మిషను కట్టేసి కూర్చుంటాను."

"ట్రక్కు వెనక పరిగెత్తే కుక్క మా తాతయ్యది," అంది మార్లిస్, నేల చూపులు చూస్తూ. "మంచి కుక్క. అంటే, మరీ అంత చెడ్డదేం కాదు."

"కాఫీ మా అమ్మ కాచింది," అంది వెనకనుంచి ఇంకో ముసలావిడ. "సినిమాలో కనపడదనుకో. అయినా."

ఒకరి తరవాత ఒకరు బయటపడ్డారు. సినిమాలో గట్టున నిలబడ్డది మా బాబాయని ఒకరు, ఆ గాదె తలుపు మాదని ఇంకొకరు, సినిమావాళ్లకి గదులిచ్చింది మా అత్తగారని మరొకరు. ఊరు ఊరంతా ఆ సినిమాలో ఉంది. అందుకే ఊరు ఊరంతా దానికి ఓటెయ్యలేదు. ఏటా ఆ సీసాలో పడే రెండే రెండు గింజలు లిగాయావీ, అయోవా నుంచి వచ్చిన పాస్టరు గారివీ. ఆ సినిమాలో చుట్టం అంటూ లేనివాళ్లు ఊళ్లో వాళ్లిద్దరే.

లిగాయా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో మీ మొహమాటం మండిపోనూ! ఇన్నేళ్లు మీ ఇంటి దీపాన్ని మీరే గంప కింద పెట్టుకున్నారా?"

నవ్వు మొదట ఎవరు నవ్వారో తెలియదు. హార్లన్ నవ్వి నవ్వి దగ్గాడు. ఈసారి కళ్లు తుడుచుకోవడానికి హీటరు మీద నింద వెయ్యలేదు.

"అత్తా," అంది లిగాయా నెమ్మదిగా ఆర్డిస్ పక్కన కూర్చుని, "మీ అమ్మ ఆ సీను గురించి ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. ఒక్కసారే అంది. చివరి ఏడు, చక్రాల కుర్చీలో తీసుకొచ్చాను. సినిమా అయ్యాక ఎలా ఉందమ్మా అన్నాను. 'గట్టు దగ్గర గేరు మార్చడం ఆలస్యం చేశాను' అంది."

అప్పుడు ఆర్డిస్‌కి ఒక సంగతి తోచింది. అరవై యేళ్ల నాటి గేరు గుర్తున్న మనిషి, ఆ సీనుని ఎన్నిసార్లు మనసులో తోలుకుని ఉంటుంది? అమ్మకి గర్వం లేదని ఎవరన్నారు? చాలా ఉంది. చెప్పుకోవడానికి చోటు లేకపోయింది, అంతే.

గింజలు పడ్డాయి. కోత సినిమా సీసా అంచుదాకా నిండింది. ఆర్డిస్ గింజ అందరికంటే ముందు పడింది. హోటల్ సినిమా సీసాలో మాత్రం అడుగున ఒక్కటంటే ఒక్క గింజ ఉంది. ఆర్డిస్ హార్లన్ వైపు చూసింది.

"మరీ ఖాళీగా ఉంటే బావుండదని," అన్నాడు అతను తల గోక్కుంటూ. "అదేమనుకుంటుంది పాపం?"

"నువ్వు మారవురా," అని ఆర్డిస్ పళ్లెంలో మిగిలిన చివరి ఖర్జూరం బిళ్లని మొత్తంగా తీసుకుని నోట్లో వేసుకుంది. హాలంతా కళ్లప్పగించి చూసింది.

మంచు కరిగి, గాలి వెచ్చబడ్డాక బొమ్మ వేసే అమ్మాయి పక్క ఊరి నుంచి వచ్చింది. గోడంత మబ్బు, దాని ముందు పసుపుపచ్చటి గోధుమ, దూసుకొస్తున్న ట్రక్కు. దగ్గరికి పోయి చూస్తే స్టీరింగు మీద చెయ్యి అందంగా ఉంది, వేళ్లన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ వంకర తనకిచ్చిన సినిమా ఫోటోలో లోపమనుకుని ఆ అమ్మాయి సరిదిద్దేసింది. మామూలు ఆర్డిస్ అయితే, "బానే ఉందమ్మా, శ్రమపడ్డావు," అని ఇంటికెళ్లి ఏడ్చేది. ఈ ఆర్డిస్ నిచ్చెన కింద నిలబడి తన చిటికెన వేలు వంచి చూపించింది. "ఇలా. ఇంకాస్త. ఆఁ, అదీ మా అమ్మ."

జూలైలో ఒక మధ్యాహ్నం హైవే మీంచి ఒక కారు తిరిగి థియేటర్ ముందు ఆగింది. పక్క రాష్ట్రం వాళ్లు, భార్యాభర్తలు. గోడ చూసి అతను కిటికీ దగ్గరికి వచ్చాడు. హార్లన్ అక్కడే నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఈ సీను నాకు తెలుసండీ! మా నాన్నకి ప్రాణం. హీరోయిన్ ఎవరో పేరు గుర్తు రావట్లేదు."

"హీరోయిన్ కాదు బాబూ," అంది ఆర్డిస్. "నడిపింది మా అమ్మ. బోర్గిల్డ్ హౌగెన్. ఒక్కసారే నడిపింది, రెండోసారి తియ్యడానికి మబ్బు ఆగదు కదా. ఆ వేలు చూశారా? అది చిన్నప్పుడు వెన్న మిషన్లో నలిగింది. ఆ గోధుమ ఇదిగో ఈయన వాళ్ల నాన్నది..."

హార్లన్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "చాల్లేవే ఆర్డిస్, ఎండలో నిలబెట్టావు వాళ్లని."

"నువ్వూరుకోవోయ్," అంది ఆమె, కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగి. "గేరు మార్చడం ఆలస్యమైందనేది మా అమ్మ. నేనక్కడ గట్టు మీద నిలబడి చూశాను బాబూ. ఏ ఆలస్యమూ కాలేదు."